తొండుపల్లిలో సముద్రపు నాటు

2024 ఫిబ్రవరి పదిహేడు, శనివారం. ఆ మధ్యాహ్నం బ్రహ్మానందం తిన్నది ఒకటిన్నర జొన్నరొట్టె, పైవాటా భాగ్యమ్మ గిన్నెలో పంపిన అనపగింజల కూర. మిగిలిన సగం రొట్టె నోటిదాకా వెళ్లకముందే ఫోను మోగింది. పెట్టె చెన్నైలో విమానం ఎక్కిందని, నాలుగింటికల్లా కార్గో దగ్గర తీసుకోవచ్చని అవతలి మనిషి చెప్పాడు. బ్రహ్మానందం చెయ్యి కడుక్కోకుండానే చొక్కా తొడుక్కున్నాడు. బొత్తాలకు కూర అంటింది.

ఆయన పుట్టింది బాపట్లలో. బీమా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాక, విమానాశ్రయం పక్కన తొండుపల్లిలో పెంటయ్య ఇంటి కిందివాటా కిరాయికి తీసుకున్నాడు. పైవాటాలో పెంటయ్య, అతని భార్య భాగ్యమ్మ ఉంటారు. హాల్లో నాలుగడుగుల గాజు తొట్టె. అందులో ఉప్పునీళ్లు, ఇసుక, రాళ్లు, నారింజరంగు మీద తెల్లచారలున్న చేపల జంట. ఆ రెండింటినీ గోరంత ఉన్నప్పుడు తెచ్చి పెంచింది ఆయన భార్య రత్నమాల. ఆమె పోయి మూడేళ్లు.

సముద్రంలో ఆ జాతి చేపలు ఎనిమోన్ ఒడిలో పడుకుంటాయి. చూడటానికి విప్పారిన పువ్వులా ఉంటుంది గాని, అది ఇసుకలో పాదం ఊని బతికే జంతువు. కార్పెట్ ఎనిమోన్ అయితే కంచమంత వెడల్పున పరుచుకుంటుంది. అది లేక ఈ జంట చీకటి పడగానే నీళ్లు తిప్పే మోటారు పక్కన మూలకు ఒదిగేది. "పాపం, వీటికో పరుపు తెచ్చి వేద్దామండీ," అని రత్నమాల అంటూ ఉండేది.

రెండేళ్ల కిందట ఒకటి తెచ్చాడు. అది ఎక్కడా పాదం ఊనలేదు. తేలి తేలి మోటారు ఫ్యానులో పడింది. తెల్లారేసరికి నీళ్లు పాలలా విరిగాయి, ఏడు చేపలు పోయాయి. ఈ రెంటినీ బకెట్లోకి మార్చేంత సమయం దొరికింది. ఆ మాత్రం దయ చూపించినందుకు దేవుడికి అప్పుడే దణ్ణం పెట్టుకున్నాడు.

అందుకే ఈసారి తొందరపడలేదు. ఏడాదిపాటు నీళ్లు నిలకడగా ఉంచాడు, దీపాలు మార్చాడు, మోటార్లకు జాలీ కట్టాడు, ఇసుక నాలుగంగుళాల మందాన పోశాడు. వీటిని అమ్మే చెన్నై మనిషి చూపించిన మొదటిదాని నోరు తెరుచుకుని ఉంది, అది చావుకు గుర్తు, వద్దన్నాడు. రెండోది మెరిసిపోయే పసుపు. అది పుట్టుకతో వచ్చింది కాదు, వేసిన రంగు. అదీ వద్దన్నాడు. మూడోది లేత ఆకుపచ్చ. వీడియోలో వేలు ఆనించగానే జిగురులా పట్టుకుంది. నోరు బిగువుగా ఉంది, పాదం ఎక్కడా చిరగలేదు. ఆ వీడియో ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు.

పెంటయ్య తన ట్రాలీ ఆటో తీశాడు. పెంటయ్య తలుపు వేస్తే వాడంతా వినపడాలి. ఆ పూట ఆటో తలుపు చప్పుడుకు బ్రహ్మానందం గుండె అదిరింది. వచ్చేటప్పుడు థర్మోకోల్ పెట్టెను ఒళ్లో పెట్టుకుని, మెల్లగా పోనివ్వమని ప్రతి గుంట దగ్గరా బతిమాలుకుంటూ కూర్చున్నాడు. బాలింతను తోలుకొచ్చినప్పుడు కూడా ఇంత నిదానంగా నడపలేదని పెంటయ్య దెప్పాడు.

ఇంటికొచ్చాక, కొత్త నీళ్లకు అలవాటు పడాలని, ఎనిమోన్ ఉన్న సంచిలోకి తొట్టె నీళ్లు బొట్టు బొట్టుగా పడేలా మందుల షాపులో కొన్న సెలైన్ గొట్టం పెట్టాడు. పెంటయ్య నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"దవాఖాన ఇంట్లనే పెట్టిన్రా సారు? నాక్కూడ ఒక సీసా ఎక్కియ్యున్రి, జర నీరసంగుంది."

గంటన్నర తర్వాత ఎనిమోన్‌ను ఇసుక మీద దించాడు. ఆయన బాపట్ల పక్క సూర్యలంక అలల హోరు వింటూ పెరిగినవాడు. సముద్రపు ప్రాణికి అలలు లేకపోతే ఎలా అనుకుని రెండు మోటార్లూ పూర్తిగా తిప్పాడు. నీళ్లు సుడులు తిరిగాయి. రాత్రి అన్నం వండుకోవడం మరిచిపోయి, ఆ సగం రొట్టే తిని పడుకున్నాడు.

ఆదివారం పొద్దున అది జాలీకి అతుక్కుని ఉంది. మెల్లగా విడదీసి ఇసుక మీద పెట్టాడు. మధ్యాహ్నానికి మళ్లీ లేచింది. సాయంత్రం మరోసారి. నీళ్లు దాన్ని పిండిముద్దలా దొర్లిస్తున్నాయి. సోమవారం ఉదయానికి నోరు కొద్దిగా వదులైంది. ఆ నోరు పూర్తిగా తెరుచుకుంటే ఏమవుతుందో ఆయనకు తెలుసు. సాయంత్రానికి పాదం ఊనకపోతే తీసి బయట పడెయ్యాలి. జాలి చూపిస్తూ కూర్చుంటే రత్నమాల పెంచిన జంట కూడా దక్కదు. బకెట్ కడిగి తొట్టె పక్కన పెట్టుకున్నాడు.

కూర పంపిన గిన్నె కోసం భాగ్యమ్మ అప్పుడే దిగి వచ్చింది. ఆయన ముఖం, బకెట్టు, తొట్టెలో దొర్లుతున్న ఆకుపచ్చ ముద్ద వరసగా చూసింది. ఏమైందని అడిగితే ఆయన మొత్తం చెప్పాడు. ఆమె కొంగు నడుముకు దోపుకుంది.

"నాటేసిన మడిల నీళ్లు పారిస్తరా సారు ఎవలన్న? నారు తేలిపోదా?"

బ్రహ్మానందానికి వెంటనే అర్థం కాలేదు. ఇది సముద్రపుదని, దీనికి అలలు కావాలని పుస్తకంలో ఉందని చెప్పబోయాడు.

"కావాలె, ఎవలు కాదన్నరు. వేరు పట్టినంక కావాలె. పట్టేదాంక నీళ్లు కదలొద్దు." ఆమె మెట్ల వైపు తిరిగి కేకేసింది. "ఓ అయ్యా, జర దిగిరా. సారు మడికి మడవ కట్టాలె."

పెంటయ్య వచ్చి ఏ స్విచ్చులో అడిగి రెండు మోటార్లూ ఆపాడు. గాలి బుడగల పంపు ఒక్కటి ఉంచమన్నాడు బ్రహ్మానందం. రెండు రోజుల హోరు తర్వాత హాలు నిశ్శబ్దమైంది. ముద్ద మెల్లగా ఇసుక మీదికి దిగింది.

భాగ్యమ్మ చెయ్యి సబ్బు లేకుండా కడుక్కుని, ఆయన వారించేలోపే మోచేతి దాకా నీళ్లలో ముంచింది.

"వద్దమ్మా, అది కుడుతుంది," అన్నాడాయన కంగారుగా.

"ముప్పై ఏండ్లు నాట్లేసిన చెయ్యి సారు. దీన్ని కుట్టాలంటే దానికే పండ్లిరుగుతయ్." నవ్వబోయి ఆగింది. "ఇగో, పట్టుకుంటున్నది."

నిజమే. ఆకుపచ్చ పోగులు ఆమె అరచేతికి అంటుకున్నాయి. ఆమె లాగితే వదలడం లేదు. జిగురు ఉందంటే జీవం ఉన్నట్టే. బ్రహ్మానందం గాజు దగ్గరికి వంగి చూశాడు. ఆ మాటే వాళ్లకు చెప్పాడు.

ఆమె రెండో చేత్తో ఇసుకలో గుంత చేసింది, అడుగున గాజు తగిలేదాకా. పాదాన్ని అందులోకి దింపి, బొటనవేలితో చుట్టూ ఇసుక అదిమింది. నారు కట్ట నుంచి ఒక్కో మొక్క తీసి ఎలా గుచ్చుతారో, అదే ఒడుపు. పోగులు వదిలేదాకా ఓపిగ్గా ఉండి, చెయ్యి బయటికి తీసింది. అరచెయ్యి కొంచెం ఎర్రబడింది. పెంటయ్య ఆ చెయ్యి పట్టుకుని తిప్పి చూసి, ఈసారి కూలి ఎక్కువే అడగమన్నాడు.

ముగ్గురూ తొట్టె ముందు కూర్చున్నారు. విమానాలు పోతూనే ఉన్నాయి. గంటకు అంచు విచ్చుకుంది. రెండో గంటకు నోరు బిగిసింది. బ్రహ్మానందం గాజుకు ముక్కు ఆనించి, ఏం జరుగుతోందో వాళ్లకు చెబుతూనే ఉన్నాడు. వాళ్లూ అదే చూస్తున్నారన్న సంగతి ఆయనకు గుర్తులేదు. సాయంత్రం పెంటయ్య, మడికి తడి పెట్టినట్టు ఒక్క మోటారును అతి మెల్లగా తిప్పాడు. పోగులన్నీ ఒకవైపు ఊగాయి. పాదం కదల్లేదు.

ఎనిమిదిన్నరకు ఆడచేప మూల వదిలి వచ్చింది. చుట్టూ రెండుసార్లు తిరిగింది. తోక కొసతో అంచును తాకి ఉలిక్కిపడి వెనక్కి పోయింది. మళ్లీ వచ్చి, ఈసారి పక్క ఆనించింది. భాగ్యమ్మ బ్రహ్మానందం వైపు చూసి, ముఖం తిప్పుకుంది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తుడిచి పెట్టుకునేసరికి మగచేప కూడా వచ్చింది.

తొమ్మిదింటికి తొట్టె దీపం దానంతటదే ఆరింది. భాగ్యమ్మ గిన్నె తీసుకుని ముందు నడిచింది. పెంటయ్య గడప దాటి తలుపు గుంజబోయి, ఆగి, చీకట్లో తొట్టె వైపు ఒకసారి చూశాడు. గొళ్లెం రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేశాడు.