తగువులో వెలిసిన వీధి

టీచరమ్మ రోజూ బడికి వెళ్ళే దారి ఆవిడకీ వాళ్ళ అక్కకీ ఉన్న తగువులోంచే పోతుంది. పొద్దున్నే తలుపుకి తాళం వేసి, సంచీ భుజాన తగిలించుకుని బయటపడితే ముందు మంగలి కొట్టు, ఆ తర్వాత సైకిళ్ళు బాగుచేసే షెడ్డు, ఆ పైన వరసగా ఇళ్ళు, వాటి మధ్యలో బడి. బడి దాటి ఇంకా పోగా పోగా వీధికి ఆ చివర అక్క ఇల్లూ, కుట్టుమిషన్ల గదీ. టీచరమ్మ మాత్రం బడి దాటి ఒక్క అడుగు వేసేది కాదు.

ఒకప్పుడు ఆ రెండిళ్ళకీ ఒకటే గోడ. అటు అక్క తుమ్మితే ఇటు చెల్లెలు ఉలిక్కిపడేది. అమ్మ పోయిన రోజు చెల్లెలు ఉద్యోగం పరీక్ష రాయడానికి వెళ్ళింది. అక్క కబురు పెట్టలేదు. చెల్లెలు ఇల్లు చేరేసరికి అంతా అయిపోయింది.

"ఆఖరిచూపు కూడా దక్కనివ్వలేదు కదక్కా! ఇక నువ్వెవరో నేనెవరో" అనేసింది చెల్లెలు.

తెల్లారేసరికి గోడ మధ్యలో చెయ్యి దూరేంత సందు. చూస్తూండగానే సందు గొంది అయింది, గొంది వీధి అయింది. ఊళ్ళో ఎవరూ వింతపడలేదు. మాటలు లేని అక్కచెల్లెళ్ళ మధ్య దూరం పెరగక తరుగుతుందా అన్నారు. మునిసిపాలిటీ వాళ్ళొచ్చి దీపస్తంభాలు పాతి పోయారు.

ఖాళీ జాగా కనిపిస్తే మనుషులు ఊరుకుంటారా? వరదలో ఇల్లు పోగొట్టుకున్న మంగలి మూటాముల్లెతో వచ్చాడు. ఇంట్లోవాళ్ళు కాదన్న కొత్తజంట వచ్చింది. వాళ్ళని చూసి వీళ్ళూ, వీళ్ళని చూసి వాళ్ళూ. పిల్లలెక్కువై బడి వచ్చింది, ఆ బడిలో భూగోళం చెప్పడానికి టీచరమ్మకే ఉద్యోగం వచ్చింది. చూశారా చోద్యం, తన కోపంలో వెలిసిన బడిలో తనకే జీతం!

వీధివాళ్ళకి ఆ తగువంటే ప్రాణం. అది ఎక్కడ చల్లారిపోతుందోనని కనిపెట్టుకుని ఉండేవాళ్ళు. "మీ అక్క మీ పేరెత్తితే ఒట్టు" అని ఇటు మోసేవారు. "మీ చెల్లెలు ఇటువైపు తలైనా తిప్పదు" అని అటు మోసేవారు. పాపం, వాళ్ళ ఇళ్ళ పునాదులు మరి!

ఆ రోజు పాఠం వలసలు.

"మనుషులు ఉన్నచోటు విడిచి ఇంకోచోటికి ఎందుకు పోతారర్రా? ఇక్కడ తోసేదేదో ఉంటుంది, అక్కడ లాగేదేదో ఉంటుంది. సరే, వచ్చిపడ్డాక ఏం చేస్తారు? కొలిస్తే ఇది ఉత్త జాగా. ఇందులో పొయ్యి వెలిగించి, పక్కింటివాళ్ళతో రెండు మాటలాడితే మన ఊరు."

ముందు బల్లలో మంగలి మనవరాలు లేచి నిలబడింది. "మరి మీ అక్కని ఏది తోస్తోంది టీచర్?"

"మా అక్కనా?"

"ఇంటిముందు లారీ ఉంది. మిషన్లు ఎక్కిస్తున్నారు. ఊరొదిలి వెళ్ళిపోతోందట."

ఇన్నాళ్ళూ అక్క వీధి చివర ఉందన్న ధీమా మీదే టీచరమ్మ కోపంగా ఉండగలిగింది. ఇప్పుడు వెళ్ళిందంటే మళ్ళీ ఆ మొహం చూసేదెప్పుడు? సుద్దముక్క పడేసి బయటికి ఉరికింది. పిల్లలు ఊరుకుంటారా, క్లాసు క్లాసంతా వెనకే.

బయట చూస్తే వీధంతా హడావుడి! సైకిల్ షెడ్డు వాడు చేతులకున్న గ్రీజు తుడుచుకోకుండానే గంతులేస్తున్నాడు.

"ఆవిడ పరాయి ఊరు పోతే మన వీధి ఆ ఊరిదాకా సాగుతుంది! ఎంత జాగా, ఎంత జాగా! రెండో షెడ్డు పెట్టేస్తా!"

నిజంగానే సాగుతోంది. అక్క ఒక్కొక్క మిషనూ లారీ ఎక్కిస్తున్నకొద్దీ దీపస్తంభాలు ఒకదానికొకటి ఎడంగా జరుగుతున్నాయి. టీచరమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని పరుగందుకుంది. మంగలి కత్తి చేత్తోనే పరుగెత్తుకొచ్చి అడ్డం నిలబడ్డాడు. వెనకాల సగం గడ్డంతో, మిగతా సగం నురగతో ఒకాయన.

"ఎక్కడికి తల్లీ?"

"అక్క దగ్గరికి."

"మీరు కలిసిపోతే మా గతేం కాను? నా కొట్టు మీ రెండు గోడల మధ్యా నలిగిపోదూ? ఇప్పటికే ఒకసారి వరదకిచ్చి వచ్చాను."

టీచరమ్మ కాళ్ళు ఆగిపోయాయి. ముసలాయన అన్నదాంట్లో అబద్ధమేముంది? వెనక్కి చూస్తే రొప్పుతూ పిల్లలు, అందరివీ ఈ వీధి ఇళ్ళే. ముందుకి చూస్తే దూరంగా లారీ, దాని పక్కన చీమంత అక్క. ఏడుపొచ్చింది ఆవిడకి.

"ఏమో తాతా, నాకేం తెలీదు! ఒకసారి ఆఖరిచూపు పోగొట్టుకున్నాను. రెండోసారి నావల్ల కాదు!"

మళ్ళీ పరుగు. మంగలి, సగం గడ్డమాయన, షెడ్డువాడు, పిల్లలు, తలుపులు తీసుకుని ఆడవాళ్ళూ, వీధి వీధంతా వెంటపడింది. డ్రైవరు లారీ ఎక్కబోతూండగా టీచరమ్మ అక్కదాకా చేరింది.

అక్క జుట్టు సగం నెరిసింది.

"నన్నెందుకు పిలవలేదు?" చెల్లెలు ఒగరుస్తూ అడిగింది.

"ఎలా పిలవనే? అమ్మ పోతోందని నేనొప్పుకోలేదు. నిన్ను పిలిస్తే ఒప్పుకున్నట్టే కదా! పొద్దుటినుంచీ అదే మొండితనం, ఈ పూట గడిస్తే లేచి కూర్చుంటుందని. నీకు అన్యాయం చేశానే. తప్పు నాదే. ఇక నా మొహం చూడవనే ఊరొదిలి పోతున్నా."

ఇన్నేళ్ళ కోపం చెల్లెలికి ఎక్కడ పోయిందో తెలీలేదు. చేతులు చాచి ముందుకు వెళ్ళబోయింది. కాళ్ళకింద నేల కదిలింది. వెనక జనం హాహాకారాలు చేశారు. ఠక్కున ఆగిపోయింది.

"అక్కా, అక్కడే ఉండు! అలా నవ్వకు కూడా! వీళ్ళ ఇళ్ళు..."

ఇద్దరూ చేతులు చాపుకుని అలాగే బొమ్మల్లా నిలబడిపోయారు. మంగలి వీధంతా ఒకసారి కలియజూశాడు. తన కొట్టు వైపు కాస్త ఎక్కువసేపు చూశాడు.

"ఎంతసేపలా నిలబడతారమ్మా, చూడలేక చస్తున్నాం! పట్టుకోండి! మా ఇళ్ళు పోతే పోయాయి. ఊళ్ళో ఇంకెవరూ తగువు పడకపోతారా, అక్కడికిపోయి కట్టుకుంటాం!"

"మా ఇల్లు కూడా పోనీయండి!" అన్నాడు షెడ్డువాడు, కళ్ళు గట్టిగా మూసుకుని. "పోనీయండి, పోనీయండి" అని వీధంతా అందుకుంది.

అక్క ఒక్క అంగలో వచ్చి చెల్లెల్ని వాటేసుకుంది. ఇద్దరూ ఏడ్చిన ఏడుపు ఇంతా అంతా కాదు. నేల దడదడలాడింది, గిన్నెలు దొర్లాయి, సైకిలు బెల్లులన్నీ ఒక్కసారిగా మోగాయి. జనం ఒకరినొకరు గట్టిగా పట్టుకున్నారు.

కాసేపటికి మంగలి మనవరాలు కెవ్వుమంది. "తాతా, మన కొట్టు ఉంది!"

కొట్టుంది. షెడ్డుంది. బడుంది. వీధి ఒక్క గజం తరగలేదు. మెల్లగా వంగి, గాజులా గుండ్రంగా తిరిగి, తన రెండు కొసలూ కలిపేసుకుంది. టీచరమ్మ ఇల్లు అటుగా చుట్టూ తిరిగివచ్చి అక్క ఇంటి గోడకి ఆనుకుని నిలబడింది. ఈలలు, కేకలు, గంతులు! షెడ్డువాడు సగం గడ్డమాయన్ని భుజాల మీదికెత్తేసుకున్నాడు.

లారీ డ్రైవరు తల గోక్కుంటూ అక్క దగ్గరికొచ్చాడు.

"ఇంతకీ బయల్దేరేది ఉందా లేదా అమ్మా?"

"లేదు నాయనా. సామాను దింపెయ్."

అతను మిషను ఎత్తుకుని వచ్చి, పక్కపక్కనే ఉన్న రెండు తలుపుల ముందూ ఆగిపోయాడు. "ఏ ఇంట్లో దింపమంటారు?"

అక్కచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఎందులో దింపినా ఒకటే" అన్నారు ఇద్దరూ.