కండువా మీదికి ఎక్కిన ముఖం

నేను ఒక దీపాన్ని. దేవుడి ముందు వెలిగించేదాన్ని కాదు. ఫంక్షన్ హాలు పైకప్పు కింద ఇనప కమ్మీకి తలకిందులుగా వేలాడుతూ, జనం డ్యాన్సు చేసే నేల మీద పేర్లూ బొమ్మలూ వేసేదాన్ని. నా గొంతులో చిన్న గాజుబిళ్ల పెడతారు. దాని మీద ఏది అచ్చయి ఉంటే అదే కింద పడుతుంది. సొంతంగా ఒక్క మాట రాదు. పైగా నాకు రెప్పలు లేవు. వెలుగుతున్నంతసేపూ కింద జరిగేదంతా చూడాల్సిందే. ఆ సాయంత్రం మాత్రం, రెప్పలుంటే ఎంత బాగుండేది అనిపించింది.

నేను పుట్టింది సముద్రాల అవతల ఏదో ఫ్యాక్టరీలో. హైదరాబాదులో ఒక పెద్ద హోటలు వాళ్లు నన్ను తెప్పించుకుని, కూల్‌డ్రింకు సీసాల బొమ్మలు నేల మీద తిప్పించారు. నాకంటే సన్నటి దీపాలు రాగానే నన్ను పాతసామాను గదిలో పడేశారు. అక్కడి నుంచి తాడేపల్లిగూడెంలో సౌండూ లైటింగూ నడిపే పోతురాజు చేతికొచ్చాను. నా మీద దుమ్ము తుడిచి, "ఇక నుంచి నువ్వు గోదావరి దానివే" అన్నాడు. ఆ మాటకు పొంగిపోయాను.

ఇక్కడికొచ్చాక మనుషుల తీరు చూసి తెగ నవ్వుకునేదాన్ని. చిరిగిన కాగితం ముక్క కాలికి తగిలితే తీసి కళ్లకద్దుకుంటారు. అదే మనుషులు నేను వేసిన పెళ్లికొడుకు పేరు మీద, పెళ్లికూతురి పేరు మీద చెప్పులతో ఎగురుతారు. ఇంగ్లీషు అక్షరాలకు దోషం అంటదేమో మరి! పోతురాజు కూడా ఏనాడూ దాని గురించి ఆలోచించలేదు. నన్ను కమ్మీకి బిగించడం, మూతిని నేలకు తిప్పడం, అంతే. ఆ అలవాటే మా ఇద్దరి కొంపా ముంచింది.

నాగహారిక అనే అమ్మాయి సంగీత్‌కు మమ్మల్ని పిలిచారు. ముందురోజు ఆ పిల్లే స్వయంగా వచ్చి, పోతురాజుకు ఒక ఫొటో ఇచ్చింది. మూడేళ్ల కిందట విషజ్వరంతో పోయిన వాళ్లమ్మ సత్యవేణిది.

"అన్నా, అమ్మ పోయాక నాన్న ఒక్క శుభకార్యానికీ రాలేదు. రేపు నాకోసం వస్తానన్నారు. డ్యాన్సు మొదలవగానే హాల్లో అమ్మ కనపడాలి. నాన్నకు ముందే చెప్పొద్దు."

"ఎందుకు చెబుతానమ్మా! అదిరిపోద్ది చూడు" అన్నాడు పోతురాజు.

నిజంగానే అదిరిపోయింది.

సాయంత్రం హాలు నిండింది. ముందు వరసలో హారిక తండ్రి గంగరాజు, కొత్త పంచె, మెడలో వెడల్పాటి తెల్ల కండువా, అరువు తెచ్చుకున్న నవ్వు. పక్కనే పెళ్లికొడుకు నాయనమ్మ బుల్లెమ్మ. "సంగీత్ అన్నారు, పాడేవాళ్లేరయ్యా? గెంతేవాళ్లే కనపడుతున్నారు" అని సతాయిస్తోంది.

పాట మొదలైంది. హారిక అక్కచెల్లెళ్లు నలుగురు నేల మధ్యకు దూకారు. పోతురాజు మీట నొక్కాడు. నా గొంతులోంచి సత్యవేణి ముఖం దూసుకెళ్లి నేల మీద పడింది. ఇంత పెద్ద ముఖం. నవ్వుతోంది. ఒక పిల్ల మడమ ఆవిడ నుదుటి మీద, ఇంకో పిల్ల చెప్పు సరిగ్గా పెదాల మీద.

గోడ! ఇది గోడ మీద వేయాల్సిన ముఖం! ఆ మాట పోతురాజుకూ అప్పుడే తట్టినట్టుంది. నుదురు కొట్టుకున్నాడు.

కిందికి చూసిన పిల్ల నిప్పు తొక్కినట్టు కెవ్వుమని ఎగిరి అవతల పడింది. మిగతా ముగ్గురూ చెల్లాచెదురయ్యారు. పాట ఆగిపోయింది.

"ఓరి మీ బుద్ధి తగలెయ్యా! చచ్చిపోయిన ముత్తైదువ మొహం మీద గంతులేయిస్తార్రా?" బుల్లెమ్మ కర్ర పట్టుకుని లేచింది. "ఆర్పు! ముందు ఆర్పు దాన్ని!"

పోతురాజు చెయ్యి మీట మీదికి వెళ్లింది.

"ఆర్పకు!"

అరిచింది గంగరాజు. ఆయనలో అంత గొంతు ఉందని ఎవరూ అనుకోలేదు. "ఒకసారి ఆరిపోయింది చాలు. నా కళ్ల ముందు మళ్లీ ఆర్పకు."

హారిక తండ్రి దగ్గరికి పరుగెత్తింది. "నాన్నా, నేను నేల మీద వేయమనలేదు నాన్నా..." అంటూ ఏడ్చేసింది. తండ్రి ఇప్పుడు వెనుదిరిగి వెళ్లిపోతే, రేపు పీటల దగ్గరకు కూడా రాడని ఆ పిల్లకు తెలుసు. నాకూ తెలిసింది.

గంగరాజు వెళ్లలేదు. చెప్పులు విడిచి నేల అంచుదాకా వచ్చాడు. ముఖాన్ని తొక్కకుండా మోకాళ్ల మీద కూర్చున్నాడు. మెడలో కండువా తీసి, భార్య ముఖం కప్పడానికి పరిచాడు.

పాపం, వెలుతురును కప్పడం ఎవరి తరం? సత్యవేణి కండువా మీదికి ఎక్కి కూర్చుంది. నేల కంటే తెల్లని గుడ్డ కదా, ఇంకా కళగా నవ్వింది. గంగరాజు ఉలిక్కిపడ్డాడు. పోతురాజు వైపు తిరిగి, "ముక్కుపుడక కూడా తప్పు పక్కన పెట్టావేంట్రా? మా ఆవిడకు కుడిపక్క" అన్నాడు.

పోతురాజు గాజుబిళ్లను తిరగేసి పెట్టాడు. పేర్లయితే అక్షరాలు తిరగబడి వెంటనే దొరికిపోయేవాడు. ముఖం కాబట్టి వాడికి తెలియలేదు.

ఇక చూడలేక గంగరాజు కండువా రెండు కొసలూ పట్టి పైకి లాగాడు. ముఖం కూడా గుడ్డతోపాటు లేచింది. జారుతున్న రెండో అంచును పట్టుకోబోయి హారిక కిందికి దూరింది. తల పైకెత్తింది.

"నాన్నా! ఇలా రండి. కింద నుంచి చూడండి. అమ్మ పుడక కుడిపక్కే ఉంది!"

నా వెలుతురు పలచటి గుడ్డలోంచి అవతలికి దిగేసరికి, తిరగబడిన ముఖం సరిగ్గా తిరిగింది. గంగరాజు చేతులెత్తి, తల వంచి కండువా కిందికి వచ్చాడు. పైకి చూశాడు. భార్య ఆయన్నీ, కూతుర్నీ వంగి చూస్తోంది. ఆయన పెదాలు కదిలాయి. ఏమన్నాడో సత్యవేణికి తెలియాలి.

మొట్టమొదట కదిలింది బుల్లెమ్మే. కర్ర మనవడికిచ్చి వచ్చి ఒక కొస అందుకుంది. "ఏంట్రా గుడ్లప్పగించి చూస్తారు? పెళ్లికూతురి మీద పందిరి గుడ్డ పట్టేది నలుగురు. ఇంకో ముగ్గురు రండి! ఒరే లైటోడా, మా వియ్యపురాలి మొహం గుడ్డలో ఇమిడేలా చిన్నది చెయ్యి!"

పోతురాజు కళ్లు తుడుచుకుంటూ రిమోట్ తిప్పాడు. గంగరాజు చేతిలోని కొసలు కుర్రాళ్లు అందుకున్నారు. ముఖం కుదురుగా కండువాలో ఒదిగింది. పాట మళ్లీ మొదలైంది. ఆ నీడలో హారిక తండ్రి చెయ్యి పట్టుకుని అడుగులేసింది. ఆయనకు డ్యాన్సు రాదు. అయినా వేశాడు.

ఇప్పుడు నా బల్బు పోయింది. పోతురాజు షాపులో అటక మీద ఉన్నాను. కింద ఎవరైనా బేరానికొస్తే వాడు అడిగే మొదటి ప్రశ్న వినపడుతుంది: "పేరా, మొహమా? మొహమైతే గోడ మీదే వేస్తాను."

నన్ను వేధించేది ఒకటే. ఆ రోజు అంతా అయ్యాక నన్ను ఆర్పారు. కండువా ఉత్త తెల్లగుడ్డ అయిపోయింది. దాని మీద ఏమీ మిగలదని నాకంటే ఎవరికి తెలుసు? అయినా గంగరాజు దాన్ని మళ్లీ మెడలో వేసుకోలేదు. ముఖం పడిన వైపు లోపలికి వచ్చేలా, నలగకుండా మడత పెట్టి, రెండు చేతులతో పట్టుకుని వెళ్లాడు.