అత్తగారి మాత్ర

చీపురు తలుపు పక్కనే ఉండిపోయింది, సర్వే నర్సు చూసిందో లేదో, చూస్తే మాత్రం ఏముంది, ఇల్లన్నాక చీపురుండదా అనుకుంటూ లేవబోయి ఆమె మళ్లీ కూర్చుంది, బీపీ కొలిచే ముందు కాసేపు కదలొద్దు, మాట్లాడొద్దు అని నర్సు చెప్పింది కదా, కళ్లద్దాల షాపులో తను రోజంతా జనానికి చెప్పేదీ ఇదే, గడ్డం ఇక్కడ ఆనించండి, కదలకండి, తీరా తన వంతు వచ్చేసరికి ఒళ్లంతా ఒకటే దురద, పాపం ఈ పిల్లలాంటి వాళ్లంతా రాష్ట్రమంతా ఇల్లిల్లూ తిరుగుతున్నారట, పెద్దవాళ్లలో ఎందరికి బీపీ ఉంది, ఉన్నవాళ్లలో ఎందరికి ఆ సంగతి తెలుసు, తెలిసినవాళ్లలో మందు వాడేదెవరు, వాడేవాళ్లలో అదుపులో ఉన్నదెవరికి, అదీ వీళ్లకు కావలసిన లెక్క, చీటీ తీస్తే ఈ వీధిలో తమ ఇల్లు తగిలిందట, జన్మకో లాటరీ తగిలితే అది ఇదా అని భర్త నవ్వాడు, తనది మామూలుగానే ఉందని నర్సు చెప్పగానే ఆమె ఊపిరి వదిలింది, భర్త అప్పటికే చొక్కా చెయ్యి పైకి మడిచి బీపీ పట్టీకి దండచెయ్యి చాపాడు, పెళ్లికొడుకులా ఆ ఉత్సాహం చూడు.

ఆయనకు ఉత్సాహం ఎందుకుండదు, లిఫ్టు మెకానిక్కు, రెండేళ్ల క్రితం పనిచేసేచోట క్యాంపు పెడితే నూట డెబ్బై దాటిందన్నారు, డాక్టరు మాత్రలు రాస్తే ఆ కాగితం జేబులోనే నలిపేశాడు, ఒకసారి మొదలెడితే చచ్చేదాకా వదలవు, నాకేం ఖర్మ అన్నాడు, ఆ మర్నాటినుంచి ఏ భవనంలోనైనా మెట్లే ఎక్కడం, లిఫ్టులు బాగుచేసేవాడు లిఫ్టెక్కడేంట్రా అని తోటివాళ్లు మెట్ల మేస్త్రి అని పేరు పెట్టారు, కొన్నాళ్లకు పొద్దుటి తలనొప్పులు పోయాయి, అంతే, ఆయన గొప్పకు హద్దు లేదు, ఇదిగో ఇప్పుడు కూడా నర్సు అడిగిన ఒక్కో ప్రశ్నకు ఒక్కో కథ, ఉందని ఎప్పుడైనా డాక్టరు చెప్పారా, చెప్పారండి, మందులు వాడుతున్నారా, ఒక్క గోలీ ముట్టలేదండి, మిషను కూసింది, నూట ఇరవై నాలుగు, కింద ఎనభై, నర్సు మరోసారి కొలిచింది, ఇంకోసారి కొలిచింది, అంతే వచ్చింది, చూశారా అన్నట్టు ఆయన అందరివంకా చూశాడు, ఎన్నోసార్లు విన్న కథే అయినా ఆమెకూ ఎక్కడో గర్వం, షాపుకొచ్చిన వాళ్లతో తనే ఎన్నిసార్లు చెప్పలేదు, మా ఆయన మెట్లెక్కి తగ్గించుకున్నారండీ అని.

తర్వాత అత్తగారు, ఆవిడకు ఏళ్లతరబడి బీపీ, మందులూ ఏళ్లతరబడివే, ఈవిడ సంగతి నల్లేరు మీద నడక అనుకుంది ఆమె, మిషను ఉబ్బి ఉబ్బి దిగింది, నర్సు అంకె చదవకుండా పట్టీ విప్పి రెండో చేతికి కట్టింది, ఆ పిల్ల మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో, మళ్లీ కొలిచింది, మళ్లీ, నూట తొంభై ఆరు, కింద నూట పన్నెండు, అమ్మా, తలతిరుగుడేమైనా ఉందా, ఛాతీలో నొప్పి, చూపు మసక, మాట తడబడ్డం, ఏమీ లేదే తల్లీ అంటోంది అత్తగారు నింపాదిగా, భర్త ఇటు తిరిగి మాత్రలు సరిగ్గా ఇస్తున్నావా అన్నాడు, ఎవరిని, తననే, పరాయి మనిషి ముందు, ఆమెకు చెంప మీద కొట్టినట్టయింది, ఇస్తున్నానా అని అడుగుతాడేమిటి, రోజూ పొద్దున్నే ఈ చేత్తోనే అట్టలోంచి మాత్ర తీసి ఆవిడ అరచేతిలో పెట్టి, నీళ్ల గ్లాసు అందించి, మరచిన రోజు లేదు, జ్వరమొచ్చి పడుకున్నప్పుడు కూడా లేచి ఇచ్చింది, పరుగున వెళ్లి మాత్రల అట్ట తెచ్చి నర్సు చేతిలో పెట్టింది, గడువు దాటలేదు, మందూ సరైనదే, అయిపోవలసినన్నీ అయిపోయాయి, మరి ఇలా ఎందుకుందో అని నర్సు అంటుండగా అత్తగారు ముందుకు వంగి, అవునమ్మా, ఇందాక వాడిదెంతన్నావు అంది.

అది అడగడం మూడోసారి, నూట ఇరవై నాలుగు మామ్మగారూ, చాలా బాగుంది అని నర్సు చెప్పగానే ఆవిడ మొహంలో వచ్చిన ఆ తేట, కాన్పు గదిలో బిడ్డ ఏడుపు విన్న తల్లి మొహం అది, తన అంకె ఎంతో ఒక్కసారైనా అడగలేదేం ఈవిడ, తన ప్రాణం మీదికొచ్చిందంటుంటే కొడుకుది అడుగుతుందేం, అరచేతిలో మాత్ర పెట్టగానే గుప్పిట మూసి వంటింట్లోకి నడిచే ఈవిడ, వేసుకున్నారా అంటే వేసుకున్నానని ఏనాడూ అనదు, అయిందమ్మా అంటుంది, నా కొడుకు టీ నేనే పెడతాను, నువ్వు ముట్టుకోకు అంటే తను ఎంత చిన్నబుచ్చుకుంది, ముసలావిడకు కొడుకు మీద పెత్తనం చావలేదనుకుంది, టీలో అంత పంచదార ఎందుకత్తయ్యా అంటే వాడికి తీపి ఇష్టం అనేది, అయినా ఆయన అప్పుడప్పుడూ ఏదో చేదుగా ఉందే అనేవాడు, చెంచా గ్లాసులో అంతసేపు తిరిగేది, అంతసేపు, పంచదార కరగడానికి అంతసేపా, తన గొంతు తనకే ఎక్కడినుంచో వినిపించింది, అత్తయ్యా, మీ మాత్ర ఆయన టీలో కలుపుతున్నారా.

ఆవిడ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, వాడు వేసుకోనన్నాడుగా, బతిమాలితే ఇంకా బిగుసుకుంటాడు, చిన్నప్పటినుంచీ అంతే, నేను వేసుకుంటే ఏంటి, వాడు వేసుకుంటే ఏంటి, పండుటాకుని, నాదేముంది, అంది, బజారునుంచి ఏం తెచ్చావంటే చెప్పినంత మామూలుగా, నర్సు చీటీల పుస్తకం తీసింది, భర్త నోరు తెరిచాడు, నన్నడక్కుండా నాకు మందు పోస్తావా అనబోయాడు కాబోలు, ఎదురుగా బల్ల మీద ఆయన తాగేసిన టీ గ్లాసుంది, ఆయన కళ్లు దాన్ని దాటి పోవడం లేదు, రెండేళ్లుగా ఆయన తాగింది తల్లి ఆయుష్షా అనుకుంది ఆమె, ఇంతవరకూ ఏమీ కాకపోవడం అదృష్టం, ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఇకమీద ఎవరి మందు వాళ్లే వేసుకోవాలి అంటూ నర్సు చీటీ రాసిస్తోంది.

ఆసుపత్రిలో అత్తగారిని పడుకోబెట్టి, తమ కళ్లముందే మాత్ర మింగించి, డాక్టరు గట్టిగానే మందలించింది, ఆవిడ బడిపిల్లలా తలూపింది, కాసేపటికి అంకె దిగడం మొదలైంది, ప్రాణభయం లేదన్నారు, తర్వాత భర్తను పరీక్షించిన డాక్టరు, ఇన్నాళ్లూ తగ్గించింది మెట్లు ఒక్కటే కాదు బాబూ అని ఆయన పేరున విడిగా మందు రాసింది, ఆయన కొనుక్కొచ్చాడు, రేపు పొద్దున్నుంచి వేసుకుంటానని తల్లి మంచం పక్కన నిలబడి చెప్పాడు, మెట్ల మేస్త్రి గొంతులో ఒక్క మెట్టూ మిగల్లేదు, నీకు తెలుసా అని వరండాలో ఆమెను అడిగాడు, తెలీదు అంది, నిజమే, మాత్ర సంగతి తెలీదు, కానీ ఈ రెండేళ్లలో ఒక్కసారి కొలిపించుకోండి అని ఎందుకనలేదు తను, షాపు పక్కనే మందుల దుకాణం, అక్కడ మిషనుంది, రోజూ దాని ముందునుంచే నడిచింది, ఎక్కువ వస్తే ఆయన మొహం ఎలా పెడతాడో, ఇల్లెలా మూగబోతుందో అని కాదూ, నమ్మితే హాయిగా ఉందని నమ్మింది, పదిమందికీ చెప్పుకుంది, గాజు తలుపులోంచి అత్తగారు కనిపిస్తోంది, కొడుకుని పిలిచి ఏదో అడుగుతోంది, తిన్నావా అనే అయి ఉంటుంది, ఆవిడ చేసింది తప్పే, భయంకరమైన తప్పు, అయినా ఆ మొండి ముసలావిడ ఇన్నాళ్లూ కాపాడింది కొడుకు ప్రాణాన్ని, తను కాపాడుతూ వచ్చింది ఆయన గొప్పని.