సున్నా క్రెడిట్ల గురువారం

పాలబొంత చేపకి ఒళ్ళంతా ముళ్ళే. పొట్ట చిరగకుండా వాటిని ఒక్కొక్కటిగా చిన్న పట్టకారుతో లాగాలి. తైవాన్‌లోని తైనాన్ ఊళ్ళో మా అత్తగారి గంజి కొట్టుకి పొద్దున్నే వచ్చేవాళ్ళు ఆ పొట్టముక్క కోసమే వస్తారు. పెళ్ళయిన మర్నాటి నుంచి ఆ పని నాదే. ఆ రోజూ అదే చేస్తూ, చేతులు నీళ్ళలోంచి తీయకుండానే మావారితో అన్నాను.

"వచ్చే గురువారం మధ్యాహ్నం యూనివర్సిటీలో నేను మాట్లాడాలి."

"గురువారమా?" కువోచెంగ్ గోడ మీది క్యాలెండర్ కేసి చూశాడు. "నాన్న సంవత్సరీకం ఆ రోజే కదా!"

తిథి ఏటా ముందుకో వెనక్కో జరుగుతుంది. సెమినార్ తేదీలు టర్ము మొదట్లోనే చీటీలు తీసి పంచారు. ఆ రెండూ కలిసి ఒకే మధ్యాహ్నం నా నెత్తిన పడతాయని అప్పుడు తోచలేదు.

మా శాఖలో గణితంలో మాస్టర్స్ డిగ్రీ రావాలంటే కోర్సులు పూర్తి చేయాలి, బీజగణితంలోనూ విశ్లేషణలోనూ పరీక్షలు గట్టెక్కాలి, థీసిస్ రాసి మౌఖిక పరీక్షలో నిలబడాలి. ఇవి కాక గురువారం సెమినార్. ప్రతివారం వెళ్ళి వినాలి, ఒక్కసారి మాత్రం మనమే బోర్డు ముందు నిలబడి గంటసేపు మాట్లాడాలి. దానికి క్రెడిట్లు సున్నా. కానీ తప్పనిసరి. నిబంధనల్లో ఆ మాట మొదటిసారి చదివినప్పుడు ఎవరో నా కాపురం గురించే రాశారనుకుని నవ్వుకున్నాను. పాప కడుపున పడ్డప్పుడు చదువుకి సెలవు పెట్టాను. "ఏడాదేగా సుయున్," అన్నాడు కువోచెంగ్. ఆ తర్వాత అత్తగారి మోకాలి ఆపరేషన్‌కి మళ్ళీ సెలవు. "చదువెక్కడికి పోతుంది?" అన్నాడు. నిజమే, చదువెక్కడికీ పోలేదు. పోయింది నేనే. అంట్లు తోముతుంటే ఒక నిరూపణ సగం దాకా నడిచొచ్చేది, ఇంతలో లోపలి నుంచి ఏదో పిలుపు. వెళ్ళి వచ్చేసరికి ఆ సగమూ ఉండేది కాదు. ఆ సెమినార్ గది గుర్తొచ్చేది. బోర్డు మీద సుద్దముక్క టకటకలు, తుడిచినప్పుడు రేగే పొడి వాసన, ఎవరూ ఎవర్నీ ఏమీ తెమ్మనకుండా అందరూ ఒకే ప్రశ్న వైపు చూస్తూ కూర్చునే ఆ గంట. మనిషి మీద బెంగయితే ఎవరితోనైనా చెప్పుకోవచ్చు. ఒక గది మీద బెంగ పెట్టుకున్నానని ఎవరితో చెప్పను? సెలవులన్నీ వాడేసుకుని తిరిగి చేరాను. ఇక ఇదే ఆఖరి టర్ము.

"సున్నా క్రెడిట్లన్నావుగా, మానేస్తే పోయేదేముంది?" అన్నాడు కువోచెంగ్.

"డిగ్రీ పోతుంది."

"పోనీ, ఇంకో వారానికి జరిపించుకోరాదూ?"

మర్నాడు సెమినార్ నడిపే ప్రొఫెసర్ ఔయాంగ్‌ని అడిగాను. మరో గురువారం ఖాళీ లేదని ఆవిడ బాధగా చెప్పింది. ఇక మిగిలింది అత్తగారు.

"వంటంతా పొద్దున్నే చేసేస్తాను అత్తయ్యా. కోడి, చేప, పంది మాంసం, అన్నీ. పూజ మాత్రం మీరు కానివ్వండి. సాయంత్రానికల్లా వచ్చేస్తాను."

"వంటదేముందే, డబ్బులిస్తే హోటలువాడూ వండుతాడు. అగరొత్తులు పట్టుకుని నిలబడాల్సింది కోడలు. అయినా నన్నడుగుతావేం? ఆయన్నే అడుగు."

పూజపీఠం మీది నెలవంక చెక్కలు రెండూ తెచ్చి నా చేతిలో పెట్టారు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే పోయినవాళ్ళు అవునన్నట్టు. మావయ్యగారి ఫోటో ముందు మోకరిల్లి, వెళ్ళనా అని మనసులో అడిగి నేల మీదికి వదిలాను.

రెండూ బోర్లా పడ్డాయి.

"చూశావా!" అన్నారు అత్తగారు. ఆ గొంతులో గెలుపు కంటే ఊరటే ఎక్కువ వినిపించింది.

చెక్కలు తీసి పీఠం మీద పెట్టేశాను. మళ్ళీ వేస్తే అవునని పడేదేమో, సగానికి సగం అవకాశముందని లెక్కలు చదివినదాన్ని నాకు తెలుసు. వేయలేదు. అవునని పడితే ఆయన పంపితే వెళ్ళినదాన్నవుతాను. నాకు నేనుగా వెళ్ళాలనిపించింది.

గురువారం పొద్దున్నే వంట ముగించి, నీచు వాసన పోయేదాకా నిమ్మచెక్కతో చేతులు రుద్దుకున్నాను. అత్తగారు మొహం తిప్పుకున్నారు. కువోచెంగ్ గుమ్మం దాకా వచ్చాడు.

"బాబాయిలు అడిగితే ఏం చెప్పను?"

"లెక్కలు చెప్పడానికి వెళ్ళిందని చెప్పు."

వంపు తిరిగిన తలం మీద బయల్దేరిన చోటికే తిరిగొచ్చే దారుల్లో అతి చిన్నది ఎంత పొడవుంటుంది? అదీ నేను తీసుకున్న విషయం. మొదటి వాక్యం కాగితంలో చూసి చదివాను. మొదటి బొమ్మ గీశాక కాగితం పక్కన పెట్టేశాను. సుద్ద రాస్తోంది, నేను దాని వెంట వెళ్తున్నాను, వెనక నుంచి ఎవరూ పిలవడం లేదు. అంతా అయ్యాక ప్రొఫెసర్ ఔయాంగ్ అడిగింది.

"తలం అంతటా నున్నగా లేకుండా ఒకచోట మొనదేలి ఉంటే?"

"తెలియదు," అన్నాను.

అల్లం ఎక్కడుంది, పాప సాక్సులెక్కడ, అమ్మ మాత్ర వేసుకుందా? ఇంట్లో వీటిలో ఏది తెలియదన్నా నేరమే. ఇక్కడ ఆవిడ కళ్ళు మెరిశాయి. "నాకూ తెలియదు సుయున్. మంచి ప్రశ్నే, ఆలోచించు," అంది. బోర్డు తుడిచే వంకతో అటు తిరిగి కళ్ళు ఒత్తుకున్నాను.

ఇంటికి చేరేసరికి చుట్టాలు వెళ్ళిపోయారు. సింకు నిండా గిన్నెలు నాకోసం ఎదురుచూస్తున్నాయి. అత్తగారు కుర్చీలో కూర్చుని మోకాలికి తైలం రాసుకుంటున్నారు.

"నువ్వు లేకపోయినా తిన్నారాయన," అన్నారు తలెత్తకుండా. "కడుపు నిండిందా అని చెక్కలు వేస్తే మొదటిసారికే అవునన్నారు."

దెప్పిపొడుపే అది, నాకు తెలియకపోలేదు. కానీ నేను లేకపోతే ఈ ఇంట్లో బతికున్నవాళ్ళకే కాదు, పోయినవాళ్ళకి కూడా ముద్ద దిగదని ఇన్నేళ్ళూ నమ్ముతూ వచ్చాను. గిన్నెలు తోముతుంటే ఒళ్ళు దూదిపింజలా తేలిపోయింది.

మౌఖిక పరీక్ష కూడా గట్టెక్కాను. డిగ్రీ వచ్చింది. కువోచెంగ్ కేకు తెచ్చాడు. "అమ్మయ్య! ఇక గురువారాలు నీకు ఖాళీయే. అమ్మని మోకాలి వ్యాయామాలకి ఆస్పత్రికి నువ్వే తిప్పొచ్చు," అంటూ నా నోట్లో ముక్క పెట్టాడు. గురువారం అతనికి ఫ్యాక్టరీ సెలవు. పగలంతా పడుకునే రోజు.

గురువారం వచ్చింది. చేపల పని ముగించి, చేతులు కడుక్కుని, గుమ్మంలో బూట్లు వేసుకుంటుంటే కువోచెంగ్ కళ్ళు నులుముకుంటూ వచ్చాడు.

"ఎక్కడికి?"

"సెమినార్‌కి. అత్తయ్యని ఆస్పత్రికి నువ్వు తీసుకెళ్ళు."

"అదేంటి, డిగ్రీ వచ్చేసిందిగా! ఇంకా వెళ్ళాల్సిన అవసరమేముంది?"

"ఏ అవసరమూ లేదు," అన్నాను తలుపు తెరుస్తూ. "అందుకే వెళ్తున్నాను."