సీసాలో ప్రొటీన్

సోమందేపల్లె పక్క పల్లె నుంచి కదిరమ్మ ఐదేండ్ల మనవరాలిని ఎత్తుకొని అనంతపురం వచ్చింది. ఫ్లోరైడు ఉన్న బోరునీళ్లు తాగి తాగి ఆ పిల్ల కాళ్లు వంకర తిరిగినాయి. తమ ఊరి అశ్విని పనిచేసే ల్యాబుకు ఎముకల మందేదో వచ్చిందని ఊర్లో చెప్పుకున్నారు.

అశ్విని ఫ్రీజర్లోంచి చిటికెనవేలంత సీసా తీసి చూపించింది.

"ఇది మందు కాదత్తా. మనిషి ఎముకల్లో కాల్షియాన్ని పట్టుకునే ప్రొటీను. దీన్ని సూక్ష్మజీవుల చేత తయారు చేయించినారు."

"పురుగులు చేస్తేనేమి, మనిషిదే కదా. పిల్లకు ఒక్క చుక్క పొయ్యి అశ్వినీ. నేనెవరికీ చెప్పను."

"మనుషులకు వాడకూడదత్తా, ప్రాణం మీదికొస్తాది. ఫ్లోరైడు కలిస్తే ఇది కాల్షియాన్ని ఎట్ల పట్టుకుంటాదో పరీక్ష చేసి చూస్తాండా, అంతే."

"నువ్వు చూసేలోపల ఈ పిల్ల పెండ్లికి ఎదుగుతాది."

అశ్విని సీసాను మళ్లా ఫ్రీజర్లో పెట్టేసింది.

"ముందు ఆ బోరునీళ్లు మాన్పించత్తా. కాళ్లు ఇంకా వంగకుండా ఆగొచ్చు."

"మాన్పించి ఏం తాపేది? వానల్లేక అన్నీ ఎండిపాయ. మన ఊర్లో నీళ్లు పడేది ఆ బోరు ఒక్కటే."

అశ్విని ఉండే హాస్టల్లో ఫ్లోరైడు లేని నీళ్లొచ్చే మున్సిపాలిటీ కొళాయి ఉండాది. ఆమె పోయి ఒక క్యాను నిండా నీళ్లు పట్టుకొచ్చింది.

"ఇవి పిల్లకు మాత్రమే తాపు. ఆదివారం ఆదివారం నేనే తెస్తా."

"తెస్తావా, మాటకంటాండావా?"

"తెస్తానత్తా."

కదిరమ్మ పిల్లను ఇంకో చంకకు మార్చుకొని క్యాను అందుకుంది.