అరవై ఒకటో జాకీ

గోడ మీద పగులును మొదట చూసింది సువార్తమ్మ గారే. సాయంత్రం నాలుగున్నరకి బడి నుంచి వచ్చి, రోజూలాగే ఇంటి చుట్టూ ఒకసారి నడిచి, ఉత్తరం వైపు కిటికీ దగ్గర ఆగారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఇంజినీరు గారూ, ఇది నిన్న లేదండి."

నిజమే. కిటికీ మూల నుంచి ఏటవాలుగా కిందికి, వెంట్రుకంత సన్నగా, మూరెడు పొడుగున ఉంది. నేను వంగి చూస్తుంటే ఆవిడ నా వెనకే నిలబడ్డారు. హెడ్మిస్ట్రెస్ కదా, వెనక నిలబడితే చాలు, చేయని తప్పు కూడా గుర్తొస్తుంది.

ఉప్పలగుప్తం వైపు ఊళ్ళలో పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు వేస్తూ పోయారు. మూడుసార్లు వేసేసరికి ఆవిడ ఇంటి గడప రోడ్డుకంటే కిందికి దిగిపోయింది. వానొస్తే నీళ్ళు వరండా దాటి పడకగదిలోకి వస్తున్నాయి. పడగొట్టి కట్టుకునే బదులు ఉన్న ఇంటినే మూడడుగులు పైకి లేపించుకుందామని మా కంపెనీని పిలిచారు. మేం పునాది దగ్గర గోడలు కోసి, కింద ఇనప దూలాలు దూర్చి, వాటి కింద నూట పన్నెండు జాకీలు పెట్టాం. మేస్త్రి అబ్బులు ఈల వేస్తే పద్నాలుగుమంది, తలా ఎనిమిది జాకీలు, ఒక్కోదాన్ని కడ్డీతో పావు తిప్పు తిప్పుతారు. అందరూ "అయింది" అన్నాక మళ్ళీ ఈల. పావు తిప్పుకి ఇల్లు రెండున్నర మిల్లీమీటర్లు లేస్తుంది. ఎవరూ తక్కువ తిప్పకూడదు, ఎవరూ ఎక్కువ తిప్పకూడదు. ఈ పనిలో మాకు భయం నీరసంగా ఉన్నవాడితో కాదు, హుషారుగా ఉన్నవాడితో.

తొమ్మిదేళ్ళు సైట్ ఇంజినీరుగా చేశాను. ఏ జాకీ మొరాయించినా "హరిబాబుని పిలవండి" అనేవాళ్ళు. అలా పిలిచీ పిలిచీ చివరికి ప్రాజెక్ట్ మేనేజర్ని చేశారు. చేసిన రోజే మా యజమాని శ్రీరాములు గారు ఒక్క షరతు పెట్టారు. "ఇక నువ్వు జాకీ ముట్టుకోకూడదు. ముట్టుకున్నావంటే నీ కింద పద్నాలుగుమంది చేతులు పడిపోయినట్టే." రాజమండ్రిలో రెండు రోజులు శిక్షణకి కూడా పంపారు. అక్కడొకాయన తలా ఒక కాగితం ఇచ్చి, పాత పనిలో మీరు వదులుకోలేనిది ఏమిటో రాయమన్నాడు. నాకేమీ తోచలేదు. ఖాళీ కాగితమే ఇచ్చాను. అది నిజాయితీ అనే అప్పుడు అనుకున్నాను.

"కృష్ణవేణీ, రిజిస్టరు తీసుకురా."

కృష్ణవేణి ట్రైనీ ఇంజినీరు, అమలాపురం అమ్మాయి. నా ఎడమచేతి రాత తనకే కాదు, ఎవరికీ అర్థం కాదని చెప్పి మొదటిరోజే రిజిస్టరు లాక్కుంది. నీళ్ళు నింపిన పారదర్శకపు గొట్టంతో ప్రతి జాకీ దగ్గరా ఎత్తు కొలిచి రాయడం తన పని. ఆ రోజు లేపడం మధ్యాహ్నం పన్నెండుకే ఆపేశాం. పన్నెండింటి కొలతలు చూశాను. అన్నీ సమానం. భోజనాల తర్వాత దూలాల కింద ఇటుకలు పేర్చే పనే తప్ప, జాకీని ఎవరూ తాకకూడదు.

మళ్ళీ కొలిపించాను. అరవై ఒకటో జాకీ ఒక్కటే అయిదు మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తులో ఉంది. అంటే అర తిప్పు. అది సరిగ్గా కిటికీ కిందే ఉంది.

శ్రీరాములు గారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన గొంతు పెంచలేదు.

"ఎవడి జాకీ అది?"

"యాభై ఏడు నుంచి అరవై నాలుగు దాకా బుల్లబ్బాయివండి."

"ఆరింటికల్లా రిపోర్టు పంపు. తిప్పినవాడి పేరు రాయి. వాణ్ణి ఇవాళే పంపించెయ్."

రిపోర్టులో పేరెక్కినవాణ్ణి మా కంపెనీలో మరే మేనేజరూ తీసుకోడు. చుట్టుపక్కల ఇళ్ళు లేపే పని చేసేది మేమొక్కళ్ళమే. బుల్లబ్బాయి ఎనిమిదేళ్ళు కువైట్‌లో చేసి, ఇంక వెళ్ళనని పాస్‌పోర్టు బీరువాలో పెట్టి వచ్చినవాడు. ఈ పని పోతే అది మళ్ళీ బయటికి తియ్యాలి.

అందర్నీ కొబ్బరిచెట్ల కింద కూర్చోబెట్టి అడిగాను. అబ్బులు తన ఈలని చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది. కృష్ణవేణి రిజిస్టరులో ఏదో వెతుకుతోంది. అప్పుడు బుల్లబ్బాయి లేచాడు.

"నేనేనండి. పొరపాటయిపోయిందండి."

నాకు కోపం రావాలి. రాలేదు. ఆ ఒప్పుకోలు మరీ తేలిగ్గా వచ్చింది. బస్సులో పక్కవాడి కాలు తొక్కినవాడు కూడా ఇంతకంటే ఎక్కువ తడబడతాడు.

"ఎంత తిప్పావు?"

"ఒక పావండి."

"ఎప్పుడు?"

"పొద్దున్నేనండి. హడావుడిలో."

అర తిప్పు జరిగింది. జరిగింది పన్నెండు తర్వాత. తప్పు చేసినవాడికి తన తప్పు ఎంతో, ఎప్పుడో తెలియదా? నాకు ఒక్కసారిగా ఆసక్తి పుట్టింది. ఇంటి సంగతి కాసేపు మర్చిపోయి ఈ మనిషి సంగతి చూడాలనిపించింది.

అవతల కుర్చీలో కూర్చుని టీ తాగుతున్న సువార్తమ్మ గారు అంతా వింటూనే ఉన్నారు. నేను అటు వెళ్ళగానే గొంతు తగ్గించారు.

"మా బళ్ళో కిటికీ అద్దాలు చాలా పగిలేయండి, ఇన్నేళ్ళలో. ముందుగా లేచి నిలబడ్డవాడు పగలగొట్టినవాడు అయింది ఒక్కసారీ లేదు. మీ దగ్గర ఎలాగో మరి."

కృష్ణవేణిని తీసుకుని దూలాల కిందికి దూరాను. లోపల చల్లగా, తుప్పు వాసనగా ఉంది. ప్రతివాడికీ ఒక కడ్డీ, దానికో రంగు గుడ్డ. పని ఆపగానే ఎవరి కడ్డీ వాళ్ళు తమ మొదటి జాకీ పక్కన నేల మీద పడుకోబెట్టాలి. అది అబ్బులు పెట్టిన రూలు. పదమూడు కడ్డీలు అలాగే పడుకుని ఉన్నాయి. బుల్లబ్బాయి ఎర్రగుడ్డ కడ్డీ మాత్రం యాభై ఏడో జాకీ దగ్గర లేదు. అరవై ఒకటి దగ్గర ఇటుకల దిమ్మకి ఆనించి నిలబెట్టి ఉంది. అదీ అవతలి వైపు, గోడకీ జాకీకీ మధ్య ఇరుకులో.

కుడిచేత్తో తిప్పేవాడు అటువైపు నిలబడలేడు. మోచెయ్యి గోడకి కొట్టుకుంటుంది.

"మన వాళ్ళలో ఎడమచేతి వాటం ఎవరిది?" అన్నాను.

కృష్ణవేణి రిజిస్టరు మూసింది.

"ఒక్కరేనండి."

"ఎవరు?"

ఆ అమ్మాయి చూపు నా మొహం మీద లేదు. పెన్సిలు పట్టుకున్న నా చేతి మీద ఉంది.

నవ్వొచ్చింది ముందు. తర్వాత అది ఆగిపోయింది. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక శ్రీరాములు గారు ఫోన్ చేశారు. ఎండగా ఉంటే నీడకోసం దూలాల కిందికొచ్చి మాట్లాడాను. ఆ మాటలు పొల్లు పోకుండా గుర్తున్నాయి. "చేతులు కట్టుకుని ఉంటున్నావా?" అని ఆయన అడిగారు. "జాకీ ముట్టుకుని పదకొండు రోజులైందండి, అన్నీ వాళ్ళే చూసుకుంటున్నారు" అని నేను చెప్పాను. కొంచెం గర్వంగానే చెప్పాను. నోరు ఏమందో గుర్తుంది. ఆ సమయంలో ఎడమచెయ్యి ఎక్కడుందో ఎంత వెతికినా దొరకలేదు.

పరీక్షించి చూడాలనిపించింది. అవతలివైపు ఇరుకులోకి వెళ్ళి, ఫోను కుడిచెవికి ఆనించుకుని నిలబడ్డాను. ఎవరితోనూ మాట్లాడటం లేదు. అయినా ఎడమచెయ్యి తనంతట తానే కడ్డీ మీదికి వెళ్ళి, గుడ్డ చుట్టిన చోట పట్టు సర్దుకుంది. అప్పుడు గుర్తొచ్చింది, మనసుకి కాదు, మోచేతికి. మొదట తేలిగ్గా కదలడం, తర్వాత బిగుసుకోవడం, ఆ బిగువు దగ్గర కలిగే చిన్న తృప్తి. రాజమండ్రిలో ఖాళీగా ఇచ్చిన కాగితం మీద రాయాల్సింది అదే.

"నువ్వు చూశావా?" అని అడిగాను.

"చూశానండి. అన్నం తింటూ."

"మరి చెప్పలేదే?"

"మీరు తెలిసే చేస్తున్నారనుకున్నానండి." కృష్ణవేణి గొంతు తడబడింది. "మేనేజరు గారు జాకీ తిప్పుతుంటే ఏదో కారణం ఉంటుంది కదా సార్. తెలియకుండా తిప్పుతారని ఎవరనుకుంటారండి?"

బుల్లబ్బాయిని పక్కకి పిలిచాను. దొంగతనంలో పట్టుబడ్డవాడిలా వచ్చాడు.

"నువ్వు కాదని నాకు తెలిసిపోయింది. ఎందుకు ఒప్పుకున్నావు?"

"కువైట్‌లో అలవాటండి. ఫోర్‌మన్ అడిగితే ముందు సారీ చెప్పెయ్యాలి. తర్వాత సంగతి తర్వాత."

"ఇది కువైట్ కాదు. పని పోతుంది."

వాడు కాసేపు ఇసుకని కాలిబొటనవేలితో తవ్వాడు. "మీరు తిప్పడం చూసేనండి నేను. అప్పటికీ లేచేను కూడా. మీరు ఫోన్లో పెద్దాయనతో మాట్లాడుతున్నారు. మధ్యలో ఎలా పిలుస్తామండి, బాగోదు కదా? ఫోన్ పెట్టేశాక చెబుదామనుకుంటే మీరు నవ్వుకుంటూ వెళ్ళిపోయేరు. నా జాకీ, నేను చూసి ఊరుకున్నాను. మరి నాదే కదండీ తప్పు?"

వాడు అబద్ధం చెప్పలేదన్నమాట, వాడి వైపు నుంచి.

అయిదూ నలభై అయింది. ఆరింటికి మిగిలిన ఆ ఇరవై నిమిషాల్లో నా మనసు చేసిన పని కూడా చెప్పాలి, ఎందుకంటే అది నన్ను ఆశ్చర్యపరిచింది. నేను అడగకుండానే అది వాదనలు తెచ్చి పెట్టింది. వాడే ఒప్పుకున్నాడు. పగులు చిన్నది. మొదటి ప్రాజెక్టులోనే మేనేజరు పోతే పనే ఆగిపోతుంది, ఆగితే పద్నాలుగుమందీ ఖాళీగా కూర్చోవాలి. అంటే బుల్లబ్బాయి పేరు రాయడం పదమూడుమందికి మేలు. ఒక్కో వాదనా చక్కగా కొలిచి కోసిన ఇటుకలా ఉంది. ఇంత నేర్పు నాలో ఉందని నాకు తెలియదు.

"కృష్ణవేణీ, రిపోర్టు రాసుకో. జాకీ తిప్పినవారు..."

తను కలం పట్టుకుని ఆగింది.

"హరిబాబు. ప్రాజెక్ట్ మేనేజరు."

"ఇంటిపేరు కూడానాండి?"

"అదీ రాయి."

రిపోర్టు పంపాక అందర్నీ మళ్ళీ పిలిచాను. లేచి నిలబడి, "ఆ జాకీ తిప్పింది నేను" అన్నాను. పెద్ద సంగతి చెప్తున్నట్టు చెప్పాను కాబోలు, ఎవరూ కదల్లేదు. చివరికి అబ్బులు గొంతు సవరించుకున్నాడు.

"ఆయ్. తెలుసండి."

"ఎవరెవరికి తెలుసు?"

అబ్బులు ఇబ్బందిగా అటూ ఇటూ చూశాడు. "తెలియనిది మీకేనండి."

ఎవరో ఫక్కున నవ్వారు. నవ్వినవాణ్ణి అబ్బులు మోచేత్తో పొడిచాడు. నాక్కూడా నవ్వొచ్చేసరికి మిగతావాళ్ళు ధైర్యం చేశారు.

"ఇంకోసారి నా చెయ్యి కడ్డీ మీద కనిపిస్తే అరవండి," అన్నాను.

"ఫోన్లో ఉన్నా సరేనాండి?" బుల్లబ్బాయి అడిగాడు.

"ఫోన్లో ఉంటే మరీనూ."

"ఆయ్," అన్నారు అందరూ. ఆ మాట మీద నాకంత నమ్మకం కలగలేదు. పొద్దుటి నుంచీ అన్నిటికీ అదే అంటున్నారు.

చీకటి పడకముందే ఈల వేసి, బుల్లబ్బాయి చేతే అరవై ఒకటిని అర తిప్పు వెనక్కి దింపించాం. పగులు సగానికి పైగా మూసుకుంది. దానికి అడ్డంగా సన్నటి గాజుముక్క ఒకటి అతికించాం. గోడ ఏమాత్రం కదిలినా గాజు విరుగుతుందని చెబితే సువార్తమ్మ గారు ముక్కు ఆనించినంత దగ్గరగా వెళ్ళి చూశారు.

"మా బళ్ళో అయితే మిమ్మల్ని గుమ్మం బయట నిలబెట్టేదాన్నండి," అన్నారు. "ఎలాగూ బయటే ఉన్నారనుకోండి."

శ్రీరాములు గారి నుంచి జవాబు రాలేదు. రిపోర్టు చదివినట్టు ఫోన్లో నీలం గుర్తులు మాత్రం కనిపించాయి.

మర్నాడు పొద్దున్న ఏడింటికి చూస్తే గాజు విరగలేదు. లేపడం మొదలుపెట్టే ముందు కృష్ణవేణి నీళ్ళగొట్టం ఒక కొస తెచ్చి నాకిచ్చింది. "దీన్ని రెండు చేతులతో పట్టుకోవాలి సార్," అంది, మొహంలో ఏ భావమూ లేకుండా. పట్టుకున్నాను. ఈల, "అయింది", ఈల. ఇల్లు లేస్తోంది. నేను చూడటానికి తప్ప దేనికీ పనికిరాని చోట నిలబడి మొదటిసారి ఆ మనుషుల చేతులు చూశాను. బుల్లబ్బాయి తిప్పే ముందు అరచేతిలో ఊదుకుంటాడు. అబ్బులు ఈల వేశాక కళ్ళు మూసుకుంటాడు, పద్నాలుగు గొంతులూ చెవితోనే లెక్కపెడతాడు. ఇన్నాళ్ళూ పక్కనే ఉండి ఇవేవీ చూడలేదు.

అయిదో ఈల తర్వాత ఫోన్ మోగింది. శ్రీరాములు గారు. గొట్టం కృష్ణవేణి చేతిలో పెట్టి, కొంచెం దూరం జరిగి ఎత్తాను.

"రిపోర్టు చదివేను," అన్నారాయన. "పేరు రాయమంటే నీ పేరు రాసేవేంటి? నిన్నేం చెయ్యాలి నేనిప్పుడు?"

"మీ ఇష్టమండి. బుల్లబ్బాయి మాత్రం..."

"సారూ! చెయ్యి! చెయ్యి తియ్యండి!"

అరుపుకి ఉలిక్కిపడ్డాను. దూలం అవతల బుల్లబ్బాయి, అరచెయ్యి ఎత్తి, మెడ నరాలు ఉబ్బి, నా వైపే అరుస్తున్నాడు. పద్నాలుగు జాకీల దగ్గరా మనుషులు ఆగిపోయారు. నేను కిందికి చూసుకున్నాను. నా ఎడమచెయ్యి జాకీలో దూర్చి ఉంచిన ఎవరిదో కడ్డీ మీద ఉంది, పట్టు సర్దుకుని మరీ.

తీసేశాను. కొంచెం సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ సంతోషం కలిగింది. ఎందుకో అప్పుడు ఆలోచించే తీరిక లేదు.

"ఎవడయ్యా ఆ అరిచేది?" శ్రీరాములు గారు గద్దించారు. "నీతో నేను మాట్లాడుతుంటే? ఎవరి మీద అరుస్తున్నాడు?"

"నా మీదేనండి," అన్నాను. "అతనే బుల్లబ్బాయి."

అబ్బులు నా రెండు చేతులూ కనిపిస్తున్నాయో లేదో చూసుకుని, ఈల నోట్లో పెట్టుకున్నాడు.