వంతెన మీద సైకిళ్ల లెక్క

జనవరి మొదటి వారానికల్లా వంతెన మీది సైకిల్ దారి నడుమెత్తు మంచు కింద పడి ఉంది. అదంతా ఆకాశం నుంచి కురిసినది కాదు; కార్ల దారిని శుభ్రం చేసే బండి మంచును తోసి పోసే చోటు అదే. సైకిళ్లను లెక్కపెట్టడానికి నగర కార్యాలయం వారు పాతిన తీగ కూడా ఆ గుట్ట కిందే ఉంది. నెల రోజులుగా అది పంపుతున్న అంకె సున్నా. ప్రయోగంగా వేసిన ఆ దారిని ఉంచాలో తీసివేయాలో ఫిబ్రవరిలో కౌన్సిల్ ఆ అంకెను బట్టే నిర్ణయిస్తుంది.

రెండేళ్ల కిందట మూర్ఛ వచ్చి పడిపోయిన నాటి నుంచి మార్లీన్ ఫ్రీసన్‌కు కారు నడిపే అనుమతి లేదు. నది అవతలి ఆసుపత్రిలో రొట్టెలు కాల్చే పని ఏడింటికి మొదలవుతుంది. మొదటి బస్సు ఏడుంపావుకు. వంతెనకు కాలిబాట లేదు. అందువల్ల ఆమె రోజూ సైకిలును భుజాన వేసుకుని ఆ గుట్టలెక్కి దిగుతూ, తీగకు మూడడుగుల ఎత్తున నది దాటుతోంది.

నగర కార్యాలయంలో ఆ లెక్క చూసే గ్లెన్ హ్రిట్సుక్ ఆమెతో బళ్లో చదివినవాడు. అతనికి ఫోన్ చేసింది.

"గ్లెన్, నీ తీగ మంచు కిందుంది."

"తెలుసు."

"తెలిసి సున్నా అని ఎలా రాస్తున్నావ్?"

"సున్నా వచ్చింది గనక. రానిది రాయడానికి నాకు జీతమివ్వరు, మార్లీన్."

"పోనీ మంచు తీయించు."

"అది వేరే శాఖ. వాడుక ఉన్న దారులు ముందు తీస్తారు. ఈ దారికి వాడుక సున్నా."

"లెక్కల్లో నువ్వెలా పాసయ్యావో నాకిప్పటికీ అర్థం కాదు," అని పెట్టేసింది.

ఆ శనివారం పారతో మూడు గంటలు తవ్వి దారి తెరిచింది. సోమవారం నుంచి తీగ రోజుకు రెండు చొప్పున చూపింది. గురువారం ఆమెకు ఉత్తరం వచ్చింది: అనుమతి లేకుండా రోడ్డుపై మంచు కదపడం నేరం, ఇది మొదటి హెచ్చరిక. శుక్రవారం సాయంత్రం, ఆమె ఇల్లు చేరిన గంటకు, బండి వచ్చి మళ్లీ పూడ్చింది.

కౌన్సిల్ సమావేశంలో అధ్యక్షురాలు లోర్నా థోర్వాల్డ్‌సన్ నివేదిక తిరగేసింది.

"చలికాలం మొత్తానికి పది. ఆ పదీ మీరేనా?"

"నేనేనండి."

"అయితే ఇది మీ సొంత దారన్నమాట."

నలుగురు నవ్వారు. నవ్వు ఆగేదాకా మార్లీన్ ఆగింది.

"కార్ల దారి మీద కూడా ఓ నెల మంచు తీయకుండా వదిలేయండమ్మా. ఎన్ని కార్లొస్తాయో గ్లెన్ లెక్కపెట్టి చెప్తాడు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఏడుగురు తీసివేయమన్నారు, నలుగురు ఉంచమన్నారు. వారంలో సైకిల్ దారిని వేరుచేసే స్తంభాలు, తీగ పీకేశారు. గుట్ట మాత్రం అక్కడే ఉంది. దాని మీద నడవరాదని బోర్డు పెట్టారు.

మార్లీన్ ట్రాఫిక్ నిబంధనల పుస్తకం తెచ్చుకుని రెండుసార్లు చదివింది. వేరే దారి లేనిచోట సైకిలు రోడ్డు మధ్యలో వెళ్లవచ్చు. మర్నాడు ఆరూ నలభైకి వంతెన ఎక్కి, కార్ల దారికి సరిగ్గా నడుమ, తొందరపడకుండా తొక్కింది. వెనక హారన్లు మోగాయి. అయినా పక్కకు తప్పుకోలేదు. మూడో రోజు అవతలి ఒడ్డున ఒక ట్రక్కు ఆమె పక్కన ఆగి అద్దం దించింది. గ్లెన్.

"ఇంకెన్నాళ్లు, మార్లీన్?"

"రిటైరవడానికి ఏడేళ్లుంది."

"పొద్దున కారుకి మూడున్నర నిమిషాలు ఆలస్యం. లోర్నా రెండుసార్లు ఫోన్ చేసింది. నా వెనక నాలుగో కారు ఆవిడదే."

"రాయి మరి."

"రాశా. పరిష్కారమేంటని అడిగారు. సైకిళ్లకు వేరే దారుంటే బాగుంటుందన్నాను."

"ఏమన్నారు?"

గ్లెన్ స్టీరింగు వైపు చూశాడు. "ముందు సైకిళ్ల వాడుకెంతో లెక్కపెట్టమన్నారు."

"దేంతో? తీగ పీకేశారుగా."

"అదే నేనూ అడిగా."

మార్లీన్ మంచు పట్టిన కళ్లద్దాలు తుడుచుకుని, హెల్మెట్ పట్టీ బిగించుకుంది.

"రేపు ఆరున్నరకే వచ్చి ఇక్కడ నిలబడు. చేత్తో లెక్కపెట్టుకో," అని ఆసుపత్రి వైపు తొక్కింది.